గండి కాపాడని కోట

మొన్న వరస సెలవులు కలిసొస్తే ఆఫీసు బ్యాచ్‌తో గండికోట వెళ్ళొచ్చాను. "ఇండియా గ్రాండ్ కాన్యన్" అని తెగ ఊదరగొడుతుంటారు కదా, అందరిలాగే నేనూ అంచున కూర్చుని ఫోటో దిగాను. కింద పెన్న. రెండువైపులా ఎవరో పేర్చిపెట్టినట్టు ఎర్రటి బండలు, నిటారుగా మూడొందల అడుగుల దాకా. ఊరి పేరులోనే గండి ఉండగా ఈ అరువు పేరు దేనికో!

మాది కేసముద్రం. చిన్నప్పుడు రైలెక్కి వరంగల్‌లో దిగితే ఖిల్లా.. నాకు కోటంటే అదే. అక్కడ చదును నేల కాబట్టి కాకతీయులు రాతిగోడ, మట్టిగోడ, కందకం అన్నీ కట్టుకోవాల్సొచ్చింది. ఇక్కడ ఆ పని పెన్న ఎప్పుడో చేసిపెట్టింది. కాకపోతే అన్నివైపులా కాదు. మిగతా వైపులు మనుషులే కాచుకోవాలి (కొన్ని పోర్టులకే ఫైర్‌వాల్ పెట్టినట్టు :)). పెమ్మసాని నాయకుల చేతిలోని ఈ కోటని 1650 ప్రాంతంలో గోల్కొండ వజీరు మీర్ జుమ్లా పట్టేశాడు. అతని ఫిరంగుల దగ్గర యూరోపియన్లు పనిచేశారు.

సరే, అసలు సంగతి. 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి నగల వ్యాపారి ఇక్కడికొచ్చాడు. గోల్కొండ సుల్తానుకి ముత్యాలమ్మాలంటే ముందు మీర్ జుమ్లాకి చూపించాలట (మేనేజర్ అప్రూవల్!). ఆయన తన యాత్రల పుస్తకంలో ఏం రాశాడంటే, ఇరవై ఫిరంగులు పోతపోయించాలని మీర్ జుమ్లా గుళ్ళలోంచి రాగి విగ్రహాలు పోగుచేయించాడు. పని ఒప్పుకున్నది క్లాడ్ మాయీ అనే ఫ్రెంచివాడు. మిగతావి కరిగాయి గానీ, గండికోట పెద్ద గుడిలోని ఆరు విగ్రహాలు ఎంత చేసినా కరగలేదట. పూజారులే ఏదో మంత్రం వేశారని మీర్ జుమ్లా వాళ్ళని బెదిరించాడు. చివరికి తయారైంది ఒకే ఒక్క ఫిరంగి. అదీ పేల్చి చూస్తే పగిలిపోయింది.

ఇది చెప్పగానే మావాళ్ళలో ఒకడు "దేవుడి మహిమ" అన్నాడు, ఇంకొకడు "కొలిమిలో వేడి చాల్లేదు" అన్నాడు. జమ్మలమడుగు దాకా కార్లో అదే గొడవ. నాకు ఆ ఆరింటికన్నా కరిగిపోయినవాటి మీదే మనసు పోయింది. అవి ఏ ఊళ్ళవి? ఏ పేర్లతో పిలిచేవాళ్ళు? కరగనివాటికి కథ మిగిలింది, కరిగినవాటికి అదీ లేదు. పగిలిన ఆ ఫిరంగిలో ఉన్నది వాటి రాగే అయ్యుండాలి.

తిరిగొచ్చేముందు మాధవరాయస్వామి గుడికి వెళ్ళాం. గోపురం నిలబడే ఉంది, గర్భగుడి ఖాళీ. టావెర్నియే చెప్పిన పెద్ద గుడి ఇదేనేమో, ఆయన పేరు రాయలేదు. ఎవరో పిల్లలు లోపలికి తొంగిచూసి "దేవుడేడీ?" అనడిగితే వాళ్ళ నాన్న ఫోన్లోంచి తలెత్తకుండా "లేడు, పదండి, లోయ చూద్దాం" అన్నాడు.