పుట్టుకకు వేసిన శిక్ష: స్టువర్టుపురం చెప్పే చరిత్ర

చీరాల, బాపట్ల మధ్య రైలు మార్గంలో ఉన్న స్టువర్టుపురం పేరెత్తగానే తెలుగువాళ్లకు దొంగలు గుర్తొస్తారు. 1991లో వచ్చిన సినిమాలు, 2023 నాటి ‘టైగర్ నాగేశ్వరరావు’ ఆ అభిప్రాయాన్ని ఇంకా గట్టిపరిచాయి. నిజానికి ఆ ఊరు దొంగలు కట్టుకున్నది కాదు, ప్రభుత్వం కట్టించింది. 1913 ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వం ఎరుకల తెగ కుటుంబాలను సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవా సంస్థకు అప్పగించి, గవర్నరు కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరు మీద ఈ సెటిల్‌మెంటును నెలకొల్పింది. నేరం జరిగితే సమాజం ఏం చేయాలన్న ప్రశ్నకు ఈ ఊరి చరిత్రలో రెండు జవాబులున్నాయి. పుట్టుకను బట్టి ముద్ర వేసి కాపలా కాయడం ఒకటి. తప్పు చేసినవాడి చేత తప్పు మాన్పిస్తూ, ఆ తప్పుకు దారితీసిన పరిస్థితులకు మిగతావాళ్లనూ బాధ్యుల్ని చేయడం రెండోది. మొదటిది అన్యాయమే కాదు, నేరాన్ని ఆపడంలోనూ విఫలమైంది. రెండోది అసంపూర్తిగా మిగిలింది, అయినా దారి అదే.

ఎరుకలవాళ్లు తరతరాలుగా దొంగలన్న మాట చరిత్ర ముందు నిలవదు. వారిలోని శాఖల పేర్లే వారి వృత్తులు చెబుతాయి: ఉప్పు ఎరుకలు, దబ్బ ఎరుకలు, కుంచె ఎరుకలు. ఉప్పు ఎరుకలు కోస్తాలోని ఉప్పును ఎద్దుల మీద, గాడిదల మీద లోపలి జిల్లాలకు చేరవేసి, తిరుగుదారిలో ధాన్యం తెచ్చి అమ్మేవారు. దబ్బ ఎరుకలు వెదురు చీల్చి బుట్టలు అల్లేవారు. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో రైళ్లు వచ్చి ఉప్పు రవాణాను లాగేసుకున్నాయి. ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది. అటవీ చట్టాలు వెదురుకు అడ్డం పడ్డాయి. వీటికి తోడు 1876-78 నాటి కరువు. ‘డిజానర్డ్ బై హిస్టరీ’ అనే పుస్తకంలో చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ ఈ క్రమాన్ని వివరంగా చూపించారు. బతుకుతెరువు పోగొట్టిన ప్రభుత్వమే, బతుకుతెరువు లేకుండా తిరుగుతున్నారని వాళ్లను అనుమానించింది.

ఆ అనుమానం చట్టమైంది. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్త తెగల చట్టాన్ని 1911లో సవరించి మద్రాసుకు కూడా వర్తింపజేశారు. ఈ చట్టం కింద రిజిస్టరులో పేరెక్కిన మనిషి వేలిముద్రలివ్వాలి. చెప్పిన వేళకు హాజరు వేయించుకోవాలి. ఎక్కడుంటున్నదీ ఎక్కడికి వెళ్లేదీ ముందే తెలపాలి. అనుమానాస్పదంగా కనిపిస్తే చాలు, మూడేళ్ల దాకా జైలు. ఆరేళ్లు దాటిన పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి పారిశ్రామిక పాఠశాలల్లో పెట్టే అధికారమూ ప్రభుత్వానికి ఉండేది. ఒక తెగను నేరస్త తెగగా ప్రకటించడం న్యాయమేనా అని ఏ కోర్టూ అడగడానికి వీలుండేది కాదు. ఇక్కడే అసలు లోపం ఉంది. ఫలానా పని నువ్వు చేశావా అని మనిషిని నిలదీస్తే అతను జవాబుదారీ అవుతాడు. నువ్వు ఫలానా ఇంట పుట్టావని శిక్షిస్తే చెప్పడానికి అతని దగ్గర జవాబే ఉండదు. దొంగతనం చేసినా చేయకపోయినా హాజరు తప్పనప్పుడు, మంచిగా బతికినందుకు ఒరిగేదేమిటి?

సాల్వేషన్ ఆర్మీ భూములిచ్చింది, బడి పెట్టింది, పనులు నేర్పింది కదా, అది మార్పు కాదా అని కొందరు అడుగుతారు. బడి వల్ల కొన్ని కుటుంబాలకు చదువు అబ్బిన మాట నిజం, దాన్ని తీసిపారేయకూడదు. అయితే చెప్పకుండా ఊరు దాటితే జైలుకు పంపే చోట జరిగేదాన్ని సంస్కరణ అనడం కష్టం. స్టువర్టుపురం మనుషులు చీరాలలోని పొగాకు కంపెనీ ఐఎల్‌టీడీకి కూలీలుగా వెళ్లారు. కదలడానికి వీల్లేని కూలీ ఏ యజమానికైనా లాభమే. లెక్క చెప్పవలసిన బాధ్యతంతా సెటిల్‌మెంటు లోపలివాళ్లదే అయింది. ఉప్పు వ్యాపారం పోగొట్టినవాళ్లు ఎవరికీ లెక్క చెప్పలేదు.

ఈ చట్టాన్ని అప్పట్లోనే వ్యతిరేకించినవాళ్లున్నారు. నెల్లూరు ప్రాంతపు యానాదులను దీని నుంచి తప్పించడానికి వెన్నెలకంటి రాఘవయ్య పోరాడారు. 1936లో నెహ్రూ నెల్లూరులోనే ఈ చట్టాన్ని ఘాటుగా ఖండించారు. అనంతశయనం అయ్యంగార్ కమిటీ నివేదిక తర్వాత 1952 ఆగస్టు 31న దేశమంతటా ఇది రద్దయింది. అంతలోనే అలవాటుపడ్డ నేరస్తుల చట్టాలు ఆ స్థానంలోకి వచ్చాయి. తెగ పేరు పోయింది కానీ పోలీసు స్టేషన్లలో అనుమానం పోలేదు.

1970ల మధ్యలో సంఘ సంస్కర్త లవణం, ఆయన భార్య, కవి జాషువా కుమార్తె హేమలత స్టువర్టుపురంలో పని మొదలుపెట్టారు. ఆ కృషి ‘సంస్కార్’ సంస్థ ద్వారా సాగింది. ఇద్దరూ వినోబా భావే భూదానోద్యమంలో పనిచేసినవాళ్లు. వాళ్లు రెండు వైపులా మాట్లాడారు. దొంగతనం మానమని ఇక్కడివాళ్లను అడిగారు. ఎక్కడ దొంగతనం జరిగినా వీళ్లనే పట్టుకొచ్చే అలవాటు మానమని పోలీసులను అడిగారు. పని, చదువు, పునరావాసం చూపమని ప్రభుత్వాన్ని అడిగారు. దొంగతనం మానినవాడికి మర్నాడు పని దొరక్కపోయినా, పాత కేసులో పేరు పెట్టినా మాట నిలబడదని వాళ్లకు తెలుసు.

ఈ పద్ధతికి గట్టి అభ్యంతరమే ఉంది. సొమ్ము పోగొట్టుకున్న ఇంటివాళ్ల గతేమిటి? తప్పును పరిస్థితుల మీదికి నెడితే నేరస్తుడు తప్పించుకోడా? బాధితుల నష్టం నిజమైనది, దాన్ని చిన్నబుచ్చే ఏ న్యాయమూ న్యాయం కాదు. కానీ ముద్ర వేసిన ఆ దశాబ్దాల్లో బాధితుడికి సొమ్ము తిరిగి వచ్చిందా? దొంగసొత్తును చవగ్గా కొన్నవాడు ఏ రిజిస్టరులోకీ ఎక్కలేదు. తెగనంతా పట్టుకోవడం సులువైనప్పుడు అసలు దోషిని వెతికే ఓపిక ఎవరికుంటుంది? పరిస్థితుల గురించి మాట్లాడడం మనిషిని వదిలేయడం కాదు. అతని తప్పు అతనిదే, కాకపోతే అతని ఒక్కడిదే కాదు. ‘సంస్కార్’ కృషితో ఊరంతా మారిపోలేదన్నదీ నిజమే. దశాబ్దాల ముద్రను ఒక సంస్థ కొన్నేళ్లలో చెరపలేదు. ఆ ప్రయత్నంలో ఉన్న లోటల్లా ప్రభుత్వమూ సమాజమూ తమ వంతు బాధ్యతను చివరిదాకా మోయకపోవడమే.

2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు జైళ్లలో కులవివక్షపై తీర్పునిస్తూ, ఒకప్పుడు నేరస్త తెగలుగా ముద్రపడిన విముక్త జాతులవాళ్లను ఇష్టానుసారం అరెస్టు చేయకుండా చూడాలని పోలీసులను ఆదేశించింది. చట్టం రద్దయిన 72 ఏళ్లకు కూడా ఆ మాట చెప్పవలసి వచ్చింది. అలవాటుపడ్డ నేరస్తుల చట్టాలు ఎక్కడ మిగిలి ఉన్నా రద్దు చేయాలి. ఊరి పేరు చూసి తెరిచిన అనుమానితుల షీట్లను పోలీసులు మూసేయాలి. మన పని కూడా ఒకటుంది: అర్జీ మీద స్టువర్టుపురం అన్న చిరునామా కనిపించినప్పుడు, ఆ మనిషి చేసిన పనిని బట్టే అతన్ని లెక్కగట్టాలి.