ఏజెన్సీ నుండి లోకసభకు: గాం మల్లుదొర

అల్లూరి సీతారామరాజుగారి పేరు వినని తెలుగు ఇల్లు లేదు. కాని ఆయన అనుచరులలో ఒకరు ఉరిశిక్ష తప్పించుకొని వచ్చి, స్వతంత్ర భారతదేశపు ప్రథమ లోకసభలో సభ్యులై కూర్చున్న సంగతి మనలో చాలమంది ఎరుగరు. ఆయన గాం మల్లుదొర.

1839 నాటి చట్టముతో విశాఖ ఏజెన్సీలో సామాన్య న్యాయస్థానముల అధికారము తొలగిపోయినది. కలెక్టరే అక్కడ గవర్నరుగారి ఏజెంటు. 1882 నాటి అటవీ చట్టము పోడు సేద్యమునకు అడ్డు తగిలినది. ఆపైన గూడెం డిప్యూటీ తహసీలుదారు బాస్టియన్, నరసీపట్నం నుండి చింతపల్లికి బాట వేయించుచు కొండవారిచేత చాలీచాలని కూలికి పని చేయించినాడు. మల్లుదొర సోదరుడు గంటందొర గ్రామ మునసబు. ఆ ఉద్యోగమును, భూమిని కోల్పోయినవాడు. పితూరీని కేవలము దేశభక్తి గాథగా చెప్పుకొనేవారు ఈ భూమి లెక్కను, కూలి లెక్కను మరచిపోరాదని నా మనవి.

1922 ఆగస్టు 22న చింతపల్లి, మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి పోలీసు ఠాణాలు రాజుగారి దళము వశమైనవి. 1923 సెప్టెంబరులో మల్లుదొర పట్టుబడినారు. 1924 మే 7న కొయ్యూరులో రాజుగారిని కాల్చి చంపినారు. గంటందొరయు అనతికాలములోనే ప్రాణములు కోల్పోయినాడు. మల్లుదొరకు మొదట ఉరిశిక్ష పడినది. పిదప దానిని మార్చి అండమాను జైలుకు పంపినారు.

ఇక 1952. విశాఖపట్నము నాడు ద్విసభ్య నియోజకవర్గము. ఒక స్థానము అందరిదీ, రెండవది షెడ్యూల్డు తెగలది. ప్రతి ఓటరుకును రెండేసి ఓట్లు. అనగా కొండవారే కాదు, సముద్రతీరపు పట్టణవాసులు కూడ తెగల అభ్యర్థికి ఓటు వేయవచ్చును. అభ్యర్థికొక పెట్టె, పెట్టెకొక గుర్తు. చదువురాదని చిన్నబోవలసిన పని లేదు. లంకా సుందరముగారు, మల్లుదొరగారు ఇద్దరూ ఏ పక్షమునకూ చెందక స్వతంత్రులుగానే గెలిచినారు. ఒకరు విద్వాంసులు, ఒకరు అండమాను ఖైదీ. ఒకే నియోజకవర్గము ఇట్టి జంటను ఢిల్లీకి పంపుట నాకు నేటికిని ముచ్చటగానే తోచును.

ద్విసభ్య పద్ధతి 1961 చట్టముతో రద్దయినది. మల్లుదొరగారు 1969లో కన్నుమూసినారు. అరకు పేరిట షెడ్యూల్డు తెగలకు ప్రత్యేకించిన లోకసభ స్థానమునకు తొలి ఎన్నిక 2009లో జరిగినది. ఆనాటి చింతపల్లి, కొయ్యూరు రెండును ఆ స్థానము పరిధిలోనివే.