తెలుగు లిపి – వెబ్ బ్రౌజర్లు: ప్రమాణాల దృష్ట్యా చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
వెబ్ బ్రౌజర్లను సాధారణంగా వేగం, సౌకర్యాలు, భద్రత ఆధారంగా పోలుస్తారు. తెలుగు పాఠకునికి వీటికన్నా ముందు తేలవలసిన ప్రశ్న మరొకటి ఉంది. అది తెలుగు పాఠాన్ని బ్రౌజరు ప్రమాణానుసారంగా చదివి చూపగలదా అన్నది. 1997 నుండి 2025 వరకు జరిగిన ముఖ్యపరిణామాల ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడం, తొలినాటి వెబ్ తెలుగు నేటి పరిశోధకులకు ఎందుకు అందకుండా పోతున్నదో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: తెలుగు లిపి, బ్రౌజరు, యూనికోడ్, డైనమిక్ ఫాంటు, పద్మ, భద్రత.

1. ఉపోద్ఘాతం:
అమరావతి స్తూపశిథిలాలలోని ఒక రాతిపలకపై ఉన్న ‘నాగబు’ అనే మాటను వేటూరి ప్రభాకరశాస్త్రి తెలుగు పదంగా గుర్తించారు. లభించిన తొలి తెలుగు పదంగా సాహిత్యచరిత్రలు దీనిని పేర్కొంటున్నాయి. బ్రాహ్మీలిపి తెలిసినవారు ఆ మాటను నేటికీ చదవగలరు. ఇరవై ఐదేళ్ల కిందటి తెలుగు వెబ్ పుట విషయంలో ఇంత ధీమాగా చెప్పలేము. అక్కడ అక్షరానికీ పాఠకునికీ నడుమ బ్రౌజరు (విహారిణి) ఉంది. అది మారితే పాఠమే మారిపోవచ్చు. ఆ కాలపు పత్రికాభాషపై, ప్రవాసాంధ్ర సాహిత్యంపై పరిశోధించేవారికి ఇది కేవలం సాంకేతికాంశం కాదు, ఆధారసామగ్రికి సంబంధించిన సమస్య.

2. డైనమిక్ ఫాంట్ల దశ:
1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగు లిపికి 128 స్థానాలు కేటాయించారు. కానీ సామాన్యుల కంప్యూటర్లలో తెలుగును సరిగా చూపే వ్యవస్థ చాలాకాలం రాలేదు. అందువల్ల తెలుగు దినపత్రికలు సొంత ఫాంట్లను ఆశ్రయించాయి. ఈ పద్ధతిలో అక్షరాల ముక్కలను, గుణింతపు గుర్తులను ఆంగ్లాక్షరాల స్థానాలలో ఉంచేవారు. కంప్యూటరులో నిల్వ ఉండేది ఆంగ్లాక్షరాల వరుసే. ఫాంటు దానికి తెలుగు రూపమిచ్చేది. ఒక్కో పత్రికకు ఒక్కో అమరిక ఉండేది.

పాఠకుడు ఫాంటును విడిగా దించుకోనవసరం లేకుండా పుటతోపాటే పంపే సౌకర్యం 1997లో వచ్చింది. అదే డైనమిక్ ఫాంటు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4 ఇందుకు ఇ.ఓ.టి. అనే రూపాన్ని, నెట్‌స్కేప్ 4 బిట్‌స్ట్రీమ్ సంస్థ రూపొందించిన ట్రూడాక్ పద్ధతిని ఎంచుకున్నాయి. ఒకదాని ఫాంటు మరొకదానిలో పనిచేయదు. 2000లో వచ్చిన నెట్‌స్కేప్ 6 ట్రూడాక్‌ను వదిలివేయడంతో, డైనమిక్ ఫాంటు తెలుగుకు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరే దిక్కయింది. పైగా ఇ.ఓ.టి. ఫాంటు ఏ చిరునామా కోసం తయారైందో అక్కడ మాత్రమే తెరుచుకునేలా కట్టుబాటు ఉండేది. కాబట్టి ఆ పుటను మరొక చిరునామాలో భద్రపరచినా తెలుగు కనిపించదు.

3. యూనికోడ్, ఫైర్‌ఫాక్స్, ‘పద్మ’:
2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు రావడం, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ఆరంభం కావడం యూనికోడ్ తెలుగుకు దారి వేశాయి. వికీపీడియాను ఆరంభించిన వెన్న నాగార్జున రూపొందించిన ‘పద్మ’ అనే పొడిగింపు బ్రౌజర్ల చరిత్రలో ప్రత్యేకంగా పేర్కొనదగినది. ఫైర్‌ఫాక్స్‌లో దానిని చేర్చుకుంటే, ఈనాడు, వార్త వంటి పత్రికల సొంత ఫాంట్ల పాఠాన్ని అది అప్పటికప్పుడు యూనికోడ్‌లోకి మార్చి చూపేది. పొడిగింపులకు తావిచ్చిన ప్రత్యామ్నాయ బ్రౌజరు ఉండబట్టే ఇది సాధ్యమైంది.

అయితే ఫైర్‌ఫాక్స్ సైతం లోపరహితం కాదు. 2008 జూన్‌లో మూడవ సంచిక వచ్చేవరకు, రెండువైపులా సమంగా సర్దిన పేరాలలో భారతీయ లిపుల సంయుక్తాక్షరాలు విడిపోయేవి. 2017 నవంబరులో వచ్చిన 57వ సంచిక పాత తరహా పొడిగింపులన్నిటికీ మద్దతు తొలగించింది. భద్రత, వేగం దృష్ట్యా ఆ నిర్ణయానికి కారణాలున్నాయి. కానీ పద్మ మొదట రూపొందినది ఆ పాత తరహాలోనే.

4. వెబ్ ఫాంట్ల ప్రమాణం:
2008 మార్చిలో సఫారీ 3.1, 2009 జూన్‌లో ఫైర్‌ఫాక్స్ 3.5 సాధారణ ఫాంట్లను పుటతోపాటు తెచ్చుకునే సౌకర్యం కల్పించాయి. ‘వాఫ్’ అనే ఉమ్మడి ఫాంటు రూపం 2012 డిసెంబరులో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం ప్రమాణమైంది. పైకి ఇదీ డైనమిక్ ఫాంటు వంటిదే. భేదం మూలంలో ఉంది. యూనికోడ్ పాఠానికి వెబ్ ఫాంటు అందం మాత్రమే చేకూరుస్తుంది. అది రాకపోయినా పాఠం తెలుగుగానే నిలుస్తుంది, వెదికితే దొరుకుతుంది.

శాసనభాషా పరిశోధకులకు ఇది మరింత ముఖ్యం. ప్రాచీన శాసనాలలోని ‘ఴ’ 2014లో యూనికోడ్ 7.0లోనూ, నకారపొల్లు 2021లో 14.0లోనూ చేరాయి. ఈ అక్షరాలు లేని ఫాంటులో గడులు కనిపించినా మూలపాఠానికి హాని లేదు.

5. భద్రత:
ఫాంటును విప్పి చదివేది ఒక ప్రోగ్రాము. అందులోని లోపం దాడికి ద్వారమవుతుంది. 2010 జనవరిలో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన ఒక భద్రతా సవరణ ఇ.ఓ.టి. ఫాంట్లను విప్పే భాగానికి సంబంధించినదే. దురుద్దేశంతో తయారైన ఫాంటు గల పుటను తెరిస్తే, ఇతరుల ఆజ్ఞలు కంప్యూటరులో అమలయ్యే అవకాశం ఉండేది. నేడు క్రోమ్, ఫైర్‌ఫాక్స్ పుటతో వచ్చే ఫాంటును ముందుగా తనిఖీ చేసి శుద్ధిచేస్తాయి.

2018 ఫిబ్రవరిలో తెలుగు అక్షరమే వార్తయింది. ‘జ్ఞ’ తర్వాత కంటికి కనిపించని విడదీత గుర్తు, ఆపై దీర్ఘం ఉన్న వరుసను చూపబోయి ఐఫోన్లలో అనువర్తనాలు ఆగిపోయాయి. లోపం అక్షరానిది కాదు. ఆపిల్ సంస్థ అక్షరవిన్యాస వ్యవస్థ కోర్‌టెక్స్ట్‌ది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో దానిని సరిచేశారు. అప్పట్లో ఐఫోన్‌లోని బ్రౌజర్లన్నీ వెబ్‌కిట్‌నే వాడవలసి ఉన్నందున, బ్రౌజరు పేరు మార్చినంత మాత్రాన రక్షణ లభించేది కాదు.

6. నేటి ప్రత్యామ్నాయాలు:
నేటి బ్రౌజర్లు పేర్లకు అనేకమైనా వాటి ఇంజిన్లు ప్రధానంగా మూడే: బ్లింక్, గెకో, వెబ్‌కిట్. క్రోమ్, ఒపెరా, బ్రేవ్, వివాల్డి, 2020 జనవరి నుండి ఎడ్జ్ బ్లింక్‌పై ఆధారపడ్డాయి. ఫైర్‌ఫాక్స్ గెకోపై, సఫారీ వెబ్‌కిట్‌పై నడుస్తున్నాయి. భారత ప్రభుత్వం నిర్వహించిన స్వదేశీ బ్రౌజరు పోటీలో 2025 మార్చిలో ప్రథమస్థానం పొందిన జోహో సంస్థ వారి ‘ఉలా’ కూడా క్రోమియం ఆధారితమే.

బ్రేవ్ ప్రకటనలను, జాడతీసే సాధనాలను మొదటినుండే అడ్డగిస్తుంది. వివాల్డి రూపాన్ని ఇష్టానుసారం మార్చుకోనిస్తుంది. ఇవి మెచ్చదగిన భేదాలే. అయినా తెలుగు అక్షరవిన్యాసం విషయంలో ఒకే ఇంజిను గలవాటి మధ్య ఎంపిక స్వల్పమే. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 ‘స్త్రీ’ వంటి తెలుగు సంయుక్తాక్షరాన్ని ఒకే అక్షరంగా లెక్కించే నియమం చేర్చింది. ఇటువంటి నియమాన్ని అమలుచేసే తీరే తెలుగు దృష్టితో బ్రౌజర్లను పోల్చడానికి తగిన గీటురాయి.

7. ముగింపు:
• డైనమిక్ ఫాంటు ఆనాటి పాఠకునికి తెలుగును చూపింది. రేపటి పాఠకునికి దాచిపెట్టింది. 2022 జూన్ 15న ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11కు మద్దతు ముగియడంతో ఆ పుటల సహజ ఆధారం పోయింది.
• ఫాంటు పట్టికలు, పద్మ వంటి మార్పిడి సాధనాలు లభ్యమైనంతవరకు ఆ పాఠాన్ని తిరిగి తెలుగులోకి తేవచ్చు. అవి కూడా కనుమరుగు కాకముందే విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు ఈ సేకరణ చేపట్టాలి.
• వెబ్ పాఠాన్ని ఆధారంగా చూపే పరిశోధకుడు చిరునామా, చూసిన తేదీలతోపాటు ఆ పాఠం యూనికోడా, సొంత ఫాంటా అన్నదీ నమోదు చేయడం అవసరం.
• బ్రౌజరు ఎంపికలో సౌకర్యం పాఠకుని అభిరుచికి సంబంధించినది. ప్రమాణాల మద్దతు మాత్రం భాష మనుగడకు సంబంధించినది.