ధూళి వెనక పుట్టే నక్షత్రాలు

నక్షత్రం పుట్టేచోట ధూళి దట్టంగా కమ్ముకుని ఉంటుంది. పసినక్షత్రం వెలుగును ఆ ధూళి మింగేసి, తాను వేడెక్కి, ఆ వేడిని కంటికి కనబడని పరారుణ కిరణాలుగా బయటికి వదులుతుంది. మామూలు టెలిస్కోపుకు చీకటి తప్ప మరేమీ కనిపించని ఆ పురిటిగదిలోకి తొంగిచూడాలంటే ఆ వేడినే పట్టుకోవాలి. కానీ 100 మైక్రాన్లకు అటూఇటూగా ఉండే ఆ కిరణాలను గాలిలోని నీటి ఆవిరి నేల దాకా రానివ్వదు. అందుకని టెలిస్కోపే పైకి వెళ్లాలి.

పైకి వెళ్లే దారి హైదరాబాద్‌కు వేరే పని మీద దొరికింది. భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా ఉన్న ఈ ఊరు కాస్మిక్ కిరణాల పరిశోధనకు అనువైనదని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ శాస్త్రవేత్తలు గుర్తించారు. నగరంలోని ఇ.సి.ఐ.ఎల్. ప్రాంతంలో 1969లో శాశ్వత బెలూన్ కేంద్రం వెలిసింది.

అదృష్టంతోపాటే చిక్కూ వచ్చింది. మన ఉష్ణమండలపు ఆకాశంలో 16, 17 కిలోమీటర్ల ఎత్తున చలి సున్నాకు దిగువన 80 డిగ్రీలు దాటుతుంది. ఆ పొరలోకి చేరేసరికి పల్చటి పాలిథిన్ పెళుసెక్కి, బెలూన్లు పగిలిపోయేవి. నెలల శ్రమ క్షణంలో నేలపాలయ్యేది. చివరికి ఇంతటి చలికి కూడా పెళుసెక్కని పాలిథిన్‌ను ఇక్కడివాళ్లే తయారుచేసుకున్నారు.

1980ల్లో ఆ బెలూన్ల కింద 100 సెంటీమీటర్ల అద్దమున్న పరారుణ టెలిస్కోపు ఎగిరింది. గాలిలో వేలాడుతూనే అది నక్షత్రం మీద గురి తప్పకుండా నిలవాలి. పైగా దాని ఒంటి వేడి కూడా పరారుణమే. అందుకని లోపలి చిన్న అద్దాన్ని చకచకా కదుపుతూ, పక్కపక్కనున్న రెండు ఆకాశపు ముక్కలను పోల్చి, ఉమ్మడిగా ఉన్న వేడిని తీసివేసేవారు. పని ముగిశాక టెలిస్కోపు ప్యారాచూట్‌తో ఏ పొలంలోనో దిగేది. అలాంటి పెట్టె కనబడితే ముట్టుకోకుండా పోలీసులకు చెప్పమని తెలంగాణ పల్లెలకు ప్రకటనలు ఇప్పటికీ వెలువడుతుంటాయి. దొరికిన టెలిస్కోపును బాగుచేసి మళ్లీ ఎగరేసేవారు. 1999 నుంచి జపాన్ శాస్త్రవేత్తల స్పెక్ట్రోమీటర్ తోడై, కార్బన్ అయాన్లు వెలువరించే 158 మైక్రాన్ల వెలుగులో ఒరాయన్ వంటి మేఘాల పటాలు గీసింది.

ఈలోగా ఉపగ్రహాలు మరింత దూరం చూశాయి. 1983లో ఐరాస్, 1995లో ఐసో, 2003లో స్పిట్జర్, 2009లో 3.5 మీటర్ల అద్దంతో హెర్షెల్ వెళ్లాయి. వాటి చూపుతో, గెలాక్సీ గుంపులంటే నక్షత్రాల పుట్టుక ఆగిపోయిన ముసలి గెలాక్సీల నిలయాలన్న నమ్మకం సడలింది. దూరపు గుంపుల్లో, ముఖ్యంగా వాటి అంచుల్లో, ధూళి చాటున నక్షత్రాలు జోరుగా పుడుతున్నాయని తేలింది. 2018లో చిలీలోని ఆల్మా టెలిస్కోపు సాయంతో, 1,240 కోట్ల ఏళ్ల నాటి వెలుగులో ఇరుకుగా గుమిగూడిన 14 గెలాక్సీలు కనిపించాయి. ఓ గుంపు పుట్టుక అది. అక్కడ నక్షత్రాలు మన పాలపుంతకన్నా ఎన్నో రెట్లు వేగంగా పుడుతున్నాయి.

అంత దూరం చూడటం హైదరాబాద్ బెలూన్ల వల్ల కాని పని. అయితే దూరపు ధూళి వేడిని బట్టి నక్షత్రాల పుట్టుకను లెక్కగట్టాలంటే, ముందు దగ్గరి మేఘాల్లో ఆ లెక్క సరిచూసుకోవాలి. ఇక్కడి బెలూన్ కేంద్రం నుంచి లేచిన అద్దం చేసిన పని అదే.