మోదకము నుండి పొట్లము వరకు: జపాను మిఠాయిల చరిత్రలో మన పాలు

చంద్రపురములో వినాయక చవితినాడు మరాఠీ సోదరుల ఇండ్లలో మోదకములును, మన ఇండ్లలో ఉండ్రాళ్లును, కుడుములును ఒకే దేవునికి నివేదన యగుచుండును. ఆ దేవునికే జపాను దేశమునందును చిరకాలముగా ఒక భక్ష్యము నివేదింపబడుచున్నది. అచ్చట వినాయకుని పేరు కాంగితెన్. ఆ భక్ష్యము పేరు కంకిదాన్. పిండి రేకులో ఎర్రని చిరుగింజల తీపి పూర్ణమును, సుగంధ ద్రవ్యములను ఉంచి, రూకల సంచి మూతివలె పైన ముడిచి, నువ్వుల నూనెలో వేయింతురు. క్యోటో నగరములో 1617లో వెలసిన కమేయా కియోనగా అను అంగడి దీనిని నేటికిని చేయుచున్నది. ఇది మన మోదకమునకు దూరపు చుట్టమని చరిత్రజ్ఞులు చెప్పుదురు.

ఈ చుట్టరికము బౌద్ధమతము నడచిన దారిన కలిసినది. భారతదేశము నుండి చైనాకు, చైనా నుండి జపానుకు భిక్షువులు గ్రంథములను, విగ్రహములను కొనిపోయినట్లే నైవేద్యములను గూడ కొనిపోయిరి. చక్కెర కథయు నిట్టిదే. చెఱకు రసమును కాచి పలుకులుగా చేయు విద్య మన దేశమున పుట్టినది. శర్కర యను మన మాటయే అరబ్బీ, పారసీక భాషల మీదుగా ఐరోపా భాషలకు చేరినది. క్రీ. శ. 647లో చైనా చక్రవర్తి తాయిజోంగు ఈ విద్య నేర్చి రమ్మని మగధకు దూతలను పంపెను. 756లో నారాలోని తోదైజీ దేవాలయమునకు సమర్పించిన ఔషధముల పట్టికలో చక్కెర పేరు కనబడును. అనగా జపానువారికి చక్కెర తొలుత మందు, భక్ష్యమైనది తరువాతనే. వారి భాషలో మిఠాయికి వాడు ‘కాషి’ యను మాటకు గూడ మొదట పండ్లు, కాయలు అనియే అర్థము.

అన్యదేశముల నుండి వచ్చినదానిని తమదిగా మలచుకొనుట జపానువారి ప్రజ్ఞ. వారు ప్రియముగా తిను ‘యోకాన్’ అను మిఠాయి పేరునకు గొఱ్ఱె మాంసపు రసమని అర్థము. మాంసము ముట్టని బౌద్ధ సన్యాసులు ఆ పేరు నుంచి, పదార్థమును మార్చి, గింజల పిండితో చేసిరి. 1569లో పోర్చుగీసు మతగురువు లూయీ ఫ్రోయిష్ సేనాని ఓదా నొబునగాకు గాజు పాత్రలో చక్కెర గుళికలు కానుక చేసెను. అవియే నేటి ‘కొంపెయితో’. పోర్చుగీసువారి వలననే వచ్చిన ‘కాస్తెరా’ అను గ్రుడ్ల రొట్టె నాగసాకి నగరమునకు అలంకారమైనది. పదునెనిమిదవ శతాబ్దమున షోగును తొకుగావా యొషిమునే చెఱకు సాగును ప్రోత్సహించిన పిమ్మట స్వదేశపు చక్కెర వాడుక పెరిగినది.

పొట్లపు తినుబండారముల యుగము ఇటీవలిది. అమెరికాలో మిఠాయి పని నేర్చి 1899లో తిరిగివచ్చిన మొరినగా తైచిరో టోక్యోలో చిన్న కర్మశాల పెట్టెను. పాలతో చేసిన కారమెల్ బిళ్లలు అచ్చటి చెమ్మగాలికి కరిగి అంటుకొనుచుండెను. తగిన కాగితము చుట్టి, జేబులో పట్టు అట్టపెట్టెలో అమర్చిన పిమ్మట, 1914 నుండి అవి సామాన్యులకు అందుబాటులోనికి వచ్చినవి. హిరోషిమాలో, అణుబాంబు పడిన నాలుగేండ్లకు, 1949లో, మత్సువో తకాషి ఒక ఆహార సంస్థను స్థాపించెను. తిండి చాలని దేశమునకు బలము నిచ్చు చిరుతిండి కావలెనని ఆయన సంకల్పము. కాల్షియము, బి1 విటమిను పేర్లు కలిపి 1955లో దానికి కాల్బీ యని పేరు పెట్టిరి. 1964లో వెలువడిన దాని రొయ్యల చిరుతిండి నేటికిని ఇంటింట నున్నది. 1966లో వచ్చిన పాకీ పుల్లలను మన పిల్లలును ఎఱుగుదురు.

ఇన్ని పొట్లములు వచ్చినను జపానులో పాత భక్ష్యములు నశింపలేదు. దీనికొక కారణము కలదు. ఊరికి పోయినవాడు ఆ యూరి ప్రసిద్ధమైన తీపిని కొని ఇంటికిని, తోటి ఉద్యోగులకును తెచ్చుట వారి ఆచారము. దానిని ‘ఒమియాగె’ అందురు. ఇసే క్షేత్రమునకు పోయినవారు 1707 నుండి అమ్ముచున్న అకఫుకు అను మిఠాయి తెత్తురు. నాగసాకి నుండి కాస్తెరా తెత్తురు. రైలు స్టేషనులలో అమ్ము పెట్టెల మీద ఊరి పేరు తప్పక ఉండును. తీపి ఎంత దూరము పోయినను, దాని ఊరు దాని వెంటనే పోవుచున్నది.

ఇపుడు మన సంగతి. ఈ ప్రాంతమున తెలుగు నిన్న మొన్న వచ్చినది కాదు. ప్రాణహితా గోదావరుల సంగమము చెంత నున్న సిరొంచా తాలూకాలో తెలుగు తరతరములుగా ఇంటి భాష. 1982లో గడ్చిరోలి జిల్లా ఏర్పడువరకు ఆ తాలూకా ఈ జిల్లాలోనిదే. 1929లో కాజీపేట, బల్హార్షాల నడుమ రైలు మార్గము పూర్తియైనది. బొగ్గు గనులకు, బల్లార్‌పూరు కాగితపు మిల్లుకు, సిమెంటు కర్మాగారములకు పనికై వచ్చిన మనవారు అరిసెలను, సకినాలను డబ్బాలలో మోసి తెచ్చిరి. వచ్చి చూడగా అరిసెకు అనారసె, బొబ్బట్టుకు పురణ్‌పోళీ, చక్రములకు చకలీ ఇచ్చట తోబుట్టువులుగా నున్నవి. సకినమునకు మాత్రము ఇచ్చట జోడు లేదు. తడిపిండిని వ్రేళ్లతో మెలిపెట్టుచు గుడ్డ మీద చుట్టలు చుట్టు ఆ పని పుస్తకమున చదివిన రాదు. చేయి చూచి చేయి నేర్వవలెను.

మన పిల్లలు పొట్లము తినుచున్నారని వగచుట వలన ప్రయోజనము లేదు. పొట్లము శత్రువు కాదు. పేరు లేని పొట్లమే శత్రువు. బందరు లడ్డుకు 2017లోను, ఆత్రేయపురము పూతరేకులకు 2023లోను భౌగోళిక గుర్తింపు లభించినది. అనగా ఊరి పేరు ఆ తీపికి చట్టరీత్యా ఆస్తియైనది. కాని ప్రవాసమున పెరుగుచున్న బిడ్డకు ఆ పేరు చెప్పవలసినది చట్టము కాదు, మనమే. సంక్రాంతికి ఇరుగుపొరుగులకు పంచు పెట్టె మీద భక్ష్యము పేరు, అది పుట్టిన ఊరు, చేసిన తీరు తెలుగునను మరాఠీలోను నాలుగు పంక్తులు వ్రాసిన చాలును. పండుగకు ముందటి దినమున పెద్దల పక్కన పిల్లలను కూర్చుండబెట్టి ఒక్కొక్కరిచేత ఒక్కొక్క సకినము చుట్టింపవలెను. వంకర పోయినను చింత లేదు. పన్నెండు శతాబ్దములకు పూర్వము మన మోదకము సముద్రము దాటి బ్రదుకగలిగినది. మన సకినము గోదావరి దాటి బ్రదుకలేకపోవుట మనకు న్యాయము కాదు.