అడుగుజాడ చెదరకముందే

గండికోటలో ఒక పాత జైలు ఉంది. వచ్చినవాళ్లు లోపలికి తొంగిచూసి, ఫొటో తీసుకుని పెన్నా లోయ వైపు వెళ్లిపోతారు. అక్కడ నిలబడ్డ ప్రతిసారీ నాకు ఒకటే సందేహం: నేరం చేసింది వీడేనని ఆ రోజుల్లో ఎట్లా తేల్చేవాళ్లు?

ఊళ్లో ఆచూకీ తీసే పని తలారిది. బ్రిటిష్ పార్లమెంటుకు 1812లో అందిన ‘అయిదవ నివేదిక’ తలారి బాధ్యతల్లో మొదటిదిగా నేరాల సమాచారం సేకరించడాన్నే చెప్పింది. బాటసారులను ఊరి నుంచి ఊరికి భద్రంగా చేర్చడం ఆ తర్వాతి పని. తలారి పైన కావలి పాలెగాడు. రుసుము తీసుకుని కావలి కాసేవాడు, సొత్తు పోతే దొరకబట్టాలి, లేదంటే నష్టం కట్టాలి.

1800లో నిజాం గండికోట ఉన్న ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దఖలు పరిచాడు. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పాలెగాళ్లను అణిచాడు. 1816 రెగ్యులేషన్లతో పోలీసు అధికారం కలెక్టరు, తహసీల్దారు చేతికి చేరింది. అంటే శిస్తు వసూలు చేసే చేతికే దొంగను పట్టే పనీ వచ్చింది. ఫలితం ఎంత ఘోరమో 1855లో మద్రాసు చిత్రహింసల విచారణ సంఘం బయటపెట్టింది. శిస్తు కట్టనివాణ్ణీ, నేరం ఒప్పుకోనివాణ్ణీ ఒకే తీరున హింసించేవాళ్లు. చెక్కల మధ్య వేళ్లు పెట్టి నొక్కే సాధనం ఉండేది, దాన్ని ‘కిట్టి’ అనేవాళ్లు. మనిషిని వంచి, మెడనూ కాళ్లనూ కలిపి కట్టి ఎండలో ఉంచేవాళ్లు.

మన పోలీసు వ్యవస్థ పుట్టింది ఆ సంఘం నివేదిక తర్వాతే. 1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చింది, రెవెన్యూ నుంచి పోలీసు విడిపోయింది. పోలీసు ముందు ఇచ్చిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదన్న నియమం 1861లో వచ్చి, 1872 సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్‌గా స్థిరపడింది. నా దృష్టిలో దర్యాప్తు చరిత్రలో అంతకు మించిన మలుపు లేదు. ఒప్పుకోలు చెల్లదంటే ఇక ఆధారం వెతకాల్సిందే, వెతకడం నేర్చుకోవాల్సిందే.

విషాలను పరీక్షించే రసాయన పరీక్షకుడి ప్రయోగశాల మద్రాసులో 1849 నుంచే ఉంది. 1897లో కలకత్తాలో ప్రపంచంలోనే తొలి వేలిముద్రల బ్యూరో తెరిచారు. అక్కడి వేలిముద్రల వర్గీకరణకు ఎడ్వర్డ్ హెన్రీ పేరు వచ్చింది గానీ, లెక్కలు కట్టి దాన్ని నిలబెట్టింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే మన ఎస్సైలు. 1902-03 నాటి ఫ్రేజర్ కమిషన్ పోలీసుల అసమర్థతను నిలదీసి, శిక్షణ పాఠశాలలు కావాలంది. తర్వాతి వందేళ్లలో కాలేజీలు, అకాడమీలు, ల్యాబులు వచ్చాయి. 2014లో రాష్ట్రం విడిపోతే పోలీసు అకాడమీ, రెడ్‌హిల్స్ ఫోరెన్సిక్ ల్యాబ్ హైదరాబాద్‌లోనే ఉండిపోయాయి. ఆంధ్రప్రదేశ్ మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాల్సి వచ్చింది.

ఇంత చరిత్ర తర్వాత కూడా కేసు నిలిచేదీ కూలేదీ మొదటి గంటలోనే. 2019 మార్చి 15న పులివెందులలో మాజీ మంత్రి వై.ఎస్. వివేకానందరెడ్డి సొంత ఇంట్లో హత్యకు గురయ్యారు. మొదట గుండెపోటని ప్రచారమైంది. ఘటనా స్థలంలో ఆధారాలు చెరిపేశారన్నది సీబీఐ అభియోగం. 2020లో హైకోర్టు కేసును సీబీఐకి అప్పగించింది. 2022 నవంబరులో సుప్రీంకోర్టు విచారణను హైదరాబాద్‌కు మార్చింది. చేతులు ఎన్ని మారినా ఆ ఉదయపు గది మళ్లీ యథాతథంగా దొరకదు.

అందుకే నా ఆశంతా ముందుగా చేరే కానిస్టేబుల్ మీదే. తాడు కట్టి జనాన్ని ఆపాల్సింది అతనే. రక్తం అంటిన చొక్కాను తడిగా ఉండగానే ప్లాస్టిక్ సంచిలో కుక్కితే బూజు పట్టి డీఎన్ఏ పాడవుతుంది. నీడలో ఆరబెట్టాలి, కాగితపు కవర్లో పెట్టాలి, సీలు వేసి పంచుల, అంటే సాక్షుల, సంతకాలు తీసుకోవాలి. ఆ కవరు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఎప్పుడు పోయిందో రాసిపెట్టాలి. ఒక్క సంతకం తప్పినా డిఫెన్స్ లాయరు దాన్నే పట్టుకుంటాడు. ఇదంతా పుస్తకంలో చదివితే రాదు. పదిసార్లు చేతులతో చేయించాలి, తప్పు చేస్తే మళ్లీ చేయించాలి.

2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సోదాలను వీడియో తీయాలంది. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనా స్థలానికి రావాలంది. దాన్ని అమలుకు తేవడానికి రాష్ట్రాలకు అయిదేళ్ల గడువిచ్చింది. ఆ చట్టం వచ్చిన ఏడాదికి, 2025 జూలైలో, గండికోటలోనే ఒక విద్యార్థిని మృతదేహం దొరికింది. పోలీసులు కోట దారిలోని సీసీ కెమెరా ఫుటేజీ తీశారు, ఫోన్ల వివరాలు జల్లెడ పట్టారు. కెమెరా దారి వరకే చూస్తుంది. దారి దాటితే రాళ్లు, ముళ్లపొదలు, ఎవరు ముందుగా తొక్కితే వాళ్ల అడుగే మిగిలే మట్టి.