ప్రెస్ దూలం: ప్రతిబలం, వంపు లెక్క

బేరింగులు, బుష్‌లు ఎక్కించడానికీ ఊడదీయడానికీ షెడ్లలో సొంతంగా వెల్డింగ్ చేసుకునే హైడ్రాలిక్ ప్రెస్సుకు రెండు నిలువు కాళ్లు, వాటిని కలుపుతూ పైనా కిందా అడ్డదూలాలు ఉంటాయి. జాకీ పని మీద ఎంత బలంతో నొక్కుతుందో పై దూలాన్ని అంతే బలంతో పైకి నెడుతుంది. కాబట్టి రెండు దూలాలకూ లెక్క ఒకటే.

బలం దూలం నడిమధ్య పడుతుందనుకుందాం. ఆ బలాన్ని ఆధారాల మధ్య దూరంతో గుణించి 4తో భాగిస్తే బెండింగ్ మూమెంట్ వస్తుంది. దాన్ని సెక్షన్ మాడ్యులస్‌తో భాగిస్తే వచ్చేది ప్రతిబలం. వంపు కోసం బలాన్ని దూరపు ఘనంతో గుణించి 48, యంగ్ గుణకం, జడత్వ భ్రామకం మూడింటి లబ్ధంతో భాగించాలి.

20 టన్నుల జాకీ అంటే సుమారు 196 కిలోన్యూటన్లు. ఆధారాల మధ్య 600 మి.మీ. ఉంటే మూమెంట్ 29.4 కిలోన్యూటన్ మీటర్లు. దూలానికి ఐ.ఎస్.ఎమ్.సి. 150 చానళ్లు రెండు వాడితే, ఒక్కోదాని సెక్షన్ మాడ్యులస్ సుమారు 104 ఘన సెం.మీ. కనుక ప్రతిబలం చదరపు మి.మీ.కు 142 న్యూటన్లు. మామూలు మైల్డ్ స్టీల్ 250 దగ్గర శాశ్వతంగా వంగడం మొదలవుతుంది. అందులో 0.66 వంతు, అంటే 165 దాటనివ్వకూడదన్నది పాత డిజైన్ పద్ధతి. వంపు 0.28 మి.మీ. మాత్రమే.

పెద్ద పని పడుతుందేమోనని దూరాన్ని 900 మి.మీ. చేశారా, ప్రతిబలం 212కు పోతుంది, వంపు మూడు రెట్లు దాటి 0.95 మి.మీ. అవుతుంది. సొంత ప్రెస్సుల్లో ఎక్కువగా దెబ్బతీసేది ఈ ఆశే. గట్టి రకం ఉక్కు తెచ్చినా వంపు తగ్గదు. యంగ్ గుణకం అన్ని ఉక్కులకూ దాదాపు ఒకటే, చదరపు మి.మీ.కు 2 లక్షల న్యూటన్లు. లోతైన చానల్ వేయాలి, లేదా కాళ్లు దగ్గరికి జరపాలి.

చానల్‌ను నిలబెట్టే వాడాలి. పడుకోబెడితే జడత్వ భ్రామకం ఏడో వంతు కన్నా తక్కువకు పడిపోతుంది. ఒంటి చానల్ బరువుకు మెలితిరుగుతుంది కూడా. అందుకే జతగా పెట్టి మధ్యలో ముక్కలు వెల్డ్ చేస్తారు.

దూలం నిలిచినా పిన్నులు తెగవచ్చు. కింది దూలాన్ని మోసే 25 మి.మీ. పిన్నులు రెండూ చెరో రెండు చోట్ల కోతబలం తీసుకున్నా, ప్రతిబలం 100 దాకా వస్తుంది. మైల్డ్ స్టీల్‌కు అనుమతించే హద్దు అదే. 20 టన్నులకు అంతకన్నా సన్నని పిన్ను పనికిరాదు.